మద్దిబెరడు కషాయం మీద బెల్లం ముక్క

కాలేజీలో చదివాను కనుక నాకు నాటుమందంటే అసహ్యమని మా ఇంట్లో అందరూ తీర్మానించేశారు. నా అసహ్యం మందు మీద కాదు.

మా నాన్నకు మధుమేహం. ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే గుండెదడ, ఆయాసం. తెల్లమద్ది బెరడు గుండెను కాపాడుతుందనీ, తీపి మాత్రం ముట్టవద్దనీ వైద్యుడు చెప్పి వెళ్ళాడు. మాచర్ల వైపు అడవి నుంచి తెప్పించిన ఆ బెరడును దంచి, కాచి, వడపోసేది నేనే. ఆ సంగతి ఎవరికీ కనిపించదు.

ఈ ఉదయం గ్లాసు అందించి ఇలా తిరిగానో లేదో, మా మేనత్త నాన్న నోట్లో నిమ్మకాయంత బెల్లం ముక్క పెట్టింది.

"అదేందత్తా! తీపి ముట్టొద్దని చెప్పి పోలా ఆయన?"

"చానా వగరు గదే పిల్లా. రోజూ పెడతానే ఉన్నా, ఏమైంది? గుండె సంగతి మందు చూసుకుంటదిలే."

నాన్న చప్పరిస్తూ, "బెల్లం గూడా విషమని రాశారా ఏందే నీ కాలేజీ పుస్తకాల్లో?" అని నవ్వాడు. గడ్డం మీద తీపి చొంగ కారింది. పెరట్లో ఆయన ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారులు తీరాయి.

మందుకిచ్చిన మర్యాద పత్యానికివ్వని పెద్దలు మీ ఇళ్ళలోనూ ఉన్నారా? వాళ్ళతో ఎలా వేగుతున్నారో చెప్పండి.

నేను మాత్రం సాయంత్రం బెల్లం దిమ్మ మొత్తం గేదె కుడితిలో కలిపేశాను. మళ్ళీ కొనుక్కొస్తే అదీ గేదెకే.