కర్టిస్ గారి ఫోన్‌లో ఇంకో గొంతు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లే మనిషిని. భయపడి కాదు, విసుగు పుట్టి. ఈ జరిగింది కూడా దయ్యమని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో. మా ఆయన సాఫ్ట్‌వేర్. నాకు వర్క్ పర్మిట్ వచ్చాక దగ్గర్లోని ఒక చిన్న సేవాసంస్థలో ఉద్యోగం దొరికింది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లలో అద్దె ఇల్లు పోయే స్థితిలో ఉన్నవాళ్లు మాకు ఫోన్ చేస్తారు. వాళ్లను కొన్ని ప్రశ్నలు అడిగి, వీధిన పడకముందే సాయం అందేలా చూడటం మా పని.

ఆ ప్రశ్నల్లో ఒకటి చాలా ముఖ్యం. ఈ ఇల్లు వదలాల్సి వస్తే ఉండటానికి ఇంకెక్కడైనా చోటుందా? ఉందంటే మా సాయం రాదు. ఏ దారీ లేనివాళ్లకే అది.

నేను చేరిన కొత్తల్లో మా సూపర్‌వైజర్ గ్లోరియా నా పక్కనే కూర్చుని, ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని నా కాల్స్ వినేది. ఆమెది ప్యూర్టో రికో, ఇంటి భాష స్పానిష్. మనిషి సూటి, లెక్క ప్రకారం పోయే రకం.

ఒక మధ్యాహ్నం కర్టిస్ అనే ఆయన ఫోన్ చేశాడు. అరవై దాటిన మనిషి. ఆర్మీలో ట్రక్కులు బాగుచేసేవాడట. ఆయన అద్దెకుంటున్న ఇల్లు అమ్ముడుపోయింది, మర్నాడే ఖాళీ చేయాలి. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. ప్రతి జవాబు చివరా ‘మ్యామ్’ అనేవాడు.

చోటుందా అని అడిగాను.

“ఉంది మ్యామ్. లియోన్ అని నా స్నేహితుడున్నాడు. వాడి దగ్గర ఉంటాను.”

అక్కడితో మా ప్రశ్నలు అయిపోయినట్టే, సాయం రానట్టే. సరే సర్, అని ముగించబోతున్నాను. అప్పుడు ఆయన వెనకాల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. అరుపు కాదు. వంటింట్లోంచి ముందుగదిలోకి మాట అందించినట్టు ఉంది.

“ఇంగోసారి అడుగు పాపా. ఆయప్పకి పోయేదానికి యాడా చోటు లేదు. ఆ స్నేహితుడు సచ్చిపోయినాడు.”

ఆ క్షణంలో నాకు ఏదీ వింతగా అనిపించలేదు. ఇది నమ్మడం కష్టమని తెలుసు. ఎవరో ఇంట్లోవాళ్లు విషయం చెప్పారు, నేను విన్నాను, అంతే. నా మనసంతా ఆ విషయం మీదే ఉంది.

“సర్, లియోన్ గారు బాగున్నారా?” అని అడిగాను.

“లేడు మ్యామ్. ఇవాళ పొద్దున హాస్పిటల్లో పోయాడు.”

“మరి రేపు ఎక్కడ పడుకుంటారు?”

“నా ట్రక్కు ఉంది కదా, అందులో,” అన్నాడు. ఆ తర్వాత, “మీ సాయం నాకంటే కష్టంలో ఉన్నవాళ్లకి వెళ్తుందిలే అనుకున్నాను,” అన్నాడు.

మిగతా ప్రశ్నలు పూర్తిచేశాను. ఆ సాయంత్రమే ఆయనకు మోటల్‌లో గది ఏర్పాటు చేశాం. ఫోన్ పెట్టేశాక గ్లోరియా హెడ్‌సెట్ తీసి నా వైపు తిరిగింది.

“నీకు స్పానిష్ వచ్చని చెప్పలేదేం?”

“నాకు రాదు.”

“మరి ఆ వెనకున్నావిడ చెప్పింది నీకెలా అర్థమైంది?”

అప్పుడు తట్టింది నాకు. ఆమె మాట్లాడింది తెలుగు. అది కూడా మా అనంతపురం వైపు తెలుగు. ఈ దేశం వచ్చాక నన్ను ఎవరూ ‘పాపా’ అని పిలవలేదు. అదే గ్లోరియాకి చెప్పాను. ఆమె నవ్వలేదు. తను విన్నది స్పానిష్‌లో అంది, అదీ వాళ్ల ఊరివైపు యాసతో. ఆ మాటలకు అర్థం ఇంగ్లిష్‌లో చెప్పింది. మళ్లీ అడుగు, అతనికి చోటు లేదు, ఆ స్నేహితుడు చనిపోయాడు. అంతే.

మా ఆఫీసులో కాల్స్ రికార్డ్ చేయరు. కాబట్టి మళ్లీ వినే అవకాశం లేదు.

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయనది వరంగల్. ప్లేటు ముందు కూర్చుని అంతా విన్నాడు.

“క్రాస్ కనెక్షన్ అయ్యుంటది సుజాతా. మస్తు అలసిపోతున్నవ్ నువ్వు,” అన్నాడు. ముద్ద కలుపుతూ, “కానీ ఆమెకు లియోన్ సంగతి ఎట్ల తెలుసు?” అని ఆయనే అడిగాడు.

మర్నాడు పొద్దున గ్లోరియా, నేను కర్టిస్ గారి ఇంటికి వెళ్లాం, సామాను తరలించే ఏర్పాటు చూడటానికి. గదులన్నీ దాదాపు ఖాళీ. టీవీ లేదు, రేడియో లేదు. పక్కిల్లు బాగా దూరం. నిన్న ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరన్నాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లోకి ఆడమనిషి వచ్చి ఏళ్లయిందన్నాడు. లియోన్ పోయిన సంగతి మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా.

చెప్పాలా వద్దా అని నేను వెనకాడుతుంటే గ్లోరియాయే చెప్పేసింది, మేమిద్దరం ఏం విన్నామో. ఆయన ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. మమ్మల్ని పిచ్చివాళ్లలా చూడలేదు.

“ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచిందా?” అని అడిగాడు.

పిలవలేదన్నాను.

“కోపంగా ఉందా?”

“లేదు సర్. చెప్పి చెప్పి అలసిపోయినట్టు ఉంది.”

ఆయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. ఆ గొంతు ఎవరిదనుకున్నాడో మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు. తర్వాత లేచి మంచాన్ని ఒకవైపు పట్టుకోమన్నాడు.

కొన్ని వారాలకు ఆయనకు అపార్ట్‌మెంట్ దొరికింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మధ్యలో ఒకసారి ఆఫీసుకొచ్చి, మా పార్కింగ్‌లో మొరాయించిన గ్లోరియా కారు బాగుచేసి వెళ్లాడు. ఆ గొంతు గురించి మళ్లీ ఎత్తలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వేసుకుని చూశాను. అలసట అంటే ఇద్దరికీ ఒకే మాట ఎలా వినిపిస్తుంది? క్రాస్ కనెక్షన్ అంటే రెండు భాషల్లో ఎలా వస్తుంది? ఆయన గొంతులోని దిగులును బట్టి నేనే ఊహించుకున్నానంటే, గ్లోరియా విన్నదేమిటి?

ఒకరోజు లంచ్ టైంలో మేమిద్దరం ఎవరు విన్నది వాళ్లు, విన్నట్టే పైకి చెప్పి చూసుకున్నాం. ఆమె స్పానిష్‌లో చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఒకరిది ఒకరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో ఫోన్ మోగింది, నేను తీశాను.