బంటుమిల్లి మడిలో జిగురు పూసలు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఖరీఫ్ సీజన్లో, బందరు జీవనియంత్రణ ప్రయోగశాల నుంచి నన్ను బంటుమిల్లి దగ్గర ఒక వరి ప్రదర్శనకు ఇన్‌చార్జిగా వేశారు. నా హోదా వ్యవసాయాధికారి. పని సుడిదోమ మీద. వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే ఈ పురుగును చంపి, పక్షులనూ పశువులనూ ఏమీ చేయని బూజు ఒకటుంది. పొడిగా చల్లితే అది ఎండకు చచ్చిపోతుంది. అందుకని గోరుచిక్కుడు గింజల జిగురులో కలిపి మెత్తటి పూసలుగా చేశాం. పూస తడిని పట్టి ఉంచుతుంది, బూజు బతుకుతుంది. బూజుకు తిండిగా అందులో కాస్త తవుడు కలపడం నా సొంత ఆలోచన. దాని గురించి నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

రైతు ఏసుపాదం గారు రెండు మళ్లు ఇచ్చారు. ఒకదాంట్లో వారానికోసారి పూసలు చల్లించాం. పక్కదాన్ని పోల్చి చూడడానికి ఏమీ వేయకుండా వదిలేశాం. దాన్ని చెక్ ప్లాటు అంటాం. మూడో వారం దుబ్బులు తట్టి చూస్తే చెక్ ప్లాటులో అరచెయ్యి నిండా దోమ పడింది. పూసల మడిలో ఒకటీ అరా. నమ్మలేక గట్టుమీదే కూర్చుండిపోయాను. మా పైఅధికారి ఏడీ గారు ఫోన్లోనే రైతుల సదస్సు ఖాయం చేశారు.

సదస్సు రోజున ఆయనే స్వయంగా ప్యాంటు మడిచి, బకెట్‌తో మడిలోకి దిగి గుప్పెడు పూసలు విసిరారు. అంతే, కాలవ వైపు నుంచి బాతుల మంద గగ్గోలుగా వచ్చి ఆయన చుట్టూ మూగింది. ఏడీ గారు వెనక్కి అడుగేసి బురదలో కూలబడ్డారు. బాతులు బకెట్ ఖాళీ చేసి, తీరిగ్గా దుబ్బుల్లో దోమను ఏరుకోవడం మొదలుపెట్టాయి.

వెనకాలే మంద కాపరి నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు. "తప్పయిపోయిందండీ! మీ సగ్గుబియ్యం మరిగాయండీ ఇవి. మీరు చల్లిన కాణ్ణించీ రోజూ ఇక్కడికే లాక్కొస్తన్నాయి."

"పక్క మళ్లోకి వెళ్లవా?" అని అడిగాను.

"అందులో ఏముందండీ వాటికి?"

ఏసుపాదం గారు ఏడీ గారికి చెయ్యందిస్తూ, "మందు మాట ఎలా ఉన్నా, బాతులు మటుకు బ్రహ్మాండంగా పనిచేస్తన్నాయండీ" అన్నారు. శామియానా కింద రైతులు పగలబడి నవ్వారు.

తిరుగు ప్రయాణంలో ఏడీ గారు ప్యాంటుకు అంటిన బురద గీక్కుంటూ కూర్చున్నారు. చివరికి, "బాతుల సంగతి రిపోర్టులో రాయకపోతే ఏమవుతుందమ్మా?" అన్నారు. మా ల్యాబుకు మరుసటి ఏడాది పని ఉంటుందా లేదా అన్నది ఆ రిపోర్టు మీదే ఉంది. నాకూ ఆశ పుట్టింది. కానీ బాతుల్లేని ఊళ్లో రైతు వేసి చూస్తే మనకు మొహం చెల్లదని చెప్పాను. ఉన్నదున్నట్టు రాశాను. ఆయన సంతకం పెట్టారు.

ప్రధాన కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. బాతుల రకం, ఎకరాకు మోతాదు, తయారీదారు పేరు వెంటనే తెలియజేయవలెనట. తయారీదారు గడిలో నాంచారయ్య పేరు రాసి పంపాం. పని కొనసాగించమన్నారు.

మరుసటి సీజన్లో బాతులు రాకుండా తవుడు మానేసి, మడి చుట్టూ వల కట్టి మళ్లీ వేశాం. దోమ తగ్గింది గానీ పోలేదు. అంతే రాశాం.

చెక్ ప్లాటు ఉన్నంతమాత్రాన ప్రయోగం సరైనది కాదని అప్పుడు తెలిసింది. రెండు మళ్లకూ తేడా మనం వేసిన మందు ఒక్కటే అయి ఉండాలి. అది తేలాలంటే, దోమను లెక్కపెట్టే రోజునే కాకుండా మిగతా ఆరు రోజులూ గట్టుమీద ఎవరో ఒకరు ఉండాలి.