స్వామికి చూపించిన మార్కులు

కరోనాకు ముందటి వేసవిలో నన్ను తిరుపతిలోని మా డిగ్రీ కాలేజీ అడ్మిషన్ల విభాగానికి సూపరింటెండెంటుగా వేశారు. దరఖాస్తులు తీసుకోవడం, ఇంటర్ మార్కుల వరుసలో మెరిట్ జాబితా తయారుచేసి ప్రిన్సిపాల్ సంతకానికి పెట్టడం నా పని. దరఖాస్తు ఇచ్చాక రీకౌంటింగులో మార్కులు పెరిగితే, ఆ సంగతి అభ్యర్థే ప్రతి కాలేజీకీ విడిగా తెలపాలి. బోర్డు తన రికార్డు దిద్దుకుంటుంది తప్ప మాకు పంపదు. ఇది చాలామందికి తెలియదు.

మార్పులకు చివరి రోజు మధ్యాహ్నం నగరి నుంచి రేవతి అనే అమ్మాయి తాత్కాలిక జాబితా చూసుకోవడానికి వచ్చింది. తండ్రి మునిరత్నం మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. రీకౌంటింగులో ఆమెకు ఫిజిక్సు మార్కులు పెరిగాయి. జాబితాలో మాత్రం పాతవే ఉన్నాయి. వాటితో సీటు రాదు, కొత్తవాటితో వస్తుంది.

"బోర్డోళ్లే పంపిస్తారనుకున్నాం సార్," అంది.

కొత్త మార్కుల మెమో ఏదని గుమాస్తా చెంగల్రాయులు అడిగాడు.

"నాయన తీసకపోయినాడు. కొండమింద స్వామికి చూపించినాంకనే యాడైనా ఇస్తానని మొక్కుకున్నాడు. ఇప్పుడు క్యూలో ఉండాడు."

దర్శనం క్యూలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. ఆయనకు కబురు పంపే దారి లేదు.

"స్వామికి తెలిసిపోతాది, బాగుండాది. మా కంప్యూటరుకు ఎవురు చెప్తారమ్మా?" అన్నాడు చెంగల్రాయులు.

"నేనే చెప్తా. అందుకే గదన్నా ఈడ నిలబడినా," అంది. కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

అసలు మెమో లేకుండా ఏ మార్పూ తీసుకోకపోవడం మా ఆఫీసు అలవాటు. నిబంధనలు తెప్పించి చదివాను. గడువులోగా రాతపూర్వకంగా తెలపాలని ఒకచోట ఉంది. అసలు మెమో సర్టిఫికెట్ల పరిశీలన రోజున చూపాలని మరోచోట ఉంది. రెండు పనులను మేమే ఏళ్లుగా ఒకటి చేసేశాం. ఆమె చేత అర్జీ రాయించి, హాల్‌టికెట్ నంబరుతో బోర్డు వెబ్‌సైటులో మార్కులు నేనే సరిచూశాను. ప్రిన్సిపాల్ అభ్యంతరం చెప్పారు. నిబంధన చదివి వినిపించాను. బాధ్యత మీదేనన్నారు. ఆ మాటే అర్జీ మీద రాసి సంతకం చేశాను. కౌంటరు మూసేలోపు అందినట్టు ముద్ర పడింది.

ఇంకెక్కడ దరఖాస్తు పెట్టావని అడిగితే చిత్తూరులో ఒక కాలేజీ పేరు చెప్పింది. అక్కడికీ నువ్వే తెలపాలన్నాను. రెండో అర్జీ మా బల్ల మీదే రాసుకుంది.

పరిశీలన రోజు మునిరత్నం గుండుతో వచ్చాడు. మెమో నాలుగు మూలలా పసుపు ఉంది.

"ముందు ఆయప్పకు చూపిస్తే మంచిదనుకుంటి సార్," అన్నాడు.

"ఇంకో తూరి ముందు ఈడికి రాప్పా. ఆయన యాడికీ పోడు," అన్నాడు చెంగల్రాయులు.

రేవతికి మా దగ్గరే సీటు వచ్చింది. మార్కులు పెరగడం వేరు, అవి కాలేజీకి చేరడం వేరు; ఆ రెండోది విద్యార్థి పని. ఆఫీసు వైపు నుంచి నేను నేర్చుకున్నది మరొకటి. మా అలవాటునే నిబంధన అనుకుంటున్నాం. రిటైరయ్యేదాకా, ఎవరినైనా కౌంటరు నుంచి వెనక్కి పంపే ముందు నిబంధన మరోసారి చదివేవాణ్ణి.