నల్లా కింద కరిగిన టెస్టు

పోయిన నెల హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో నా క్రమశిక్షణ ఏం పని చేసిందో వినండి. విన్నాక నవ్వినా పర్వాలేదు. మీకంటే ముందే నవ్వినవాళ్లు ఉన్నారు.

మా అన్న బిడ్డ శ్రావణి అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని, ఇంట్లోనే మూత్రంలో షుగర్ చూసుకునే కిట్ తయారు చేస్తోంది. ప్లాస్టిక్ లేదు, అంతా కాగితమే. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని డబ్బా మీద అన్నీ బొమ్మలే. నాంపల్లిలో క్లినిక్ నడిపే డాక్టరమ్మ చూడ్డానికి వచ్చింది. మామూలు మనిషి ఎవరి సాయం లేకుండా టెస్టు చేసుకోగలిగితే, తన పేషెంట్లకు ఇస్తానంది. ఆ మామూలు మనిషిని నేనే. అబిడ్స్‌లో బట్టల షాపులో సూపర్‌వైజర్ని, చదివింది ఏడో తరగతి. రూలు మాత్రం తప్పను.

"కాకా, నువ్వు చేస్తుంటే మేమేం చెప్పొద్దు, నువ్వేం అడగొద్దు. గంతే" అంది శ్రావణి.

డబ్బా చూశాను. మొదటి బొమ్మలో ఒక చెయ్యి, నల్లా, నీళ్లు. పక్కనే టెస్టు చేసే కాగితపు పట్టీ. ముందు కడగాలన్నమాట. నాకు చాలా నచ్చింది. బేగం బజార్ నుంచి కొత్త గ్లాసు తెచ్చినా కడగనిదే నోట పెట్టను నేను. పట్టీ తీసుకుని సింకు దగ్గరికి నడిచాను.

శ్రావణి లేచి నిలబడింది. "కాకా, జర..."

"నోరు తెరవకు బిడ్డా. రూలంటే రూలే."

పాపం, కూర్చుంది. నేను సబ్బు అందుకున్నాను. మళ్లీ సన్నగా ఏదో అనబోయింది. పెద్దవాళ్ల ముందు మాట మీద నిలబడడం నేర్చుకొమ్మని గట్టిగా చెప్పాను. డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పద్ధతికి ముచ్చటపడుతోందనుకున్నాను!

బాగా రుద్ది చూస్తే చేతిలో పట్టీ లేదు, తెల్లటి గుజ్జు ఉంది. మట్టిలో కలవాల్సింది నా అరచేతిలోనే కలిసిపోయింది.

"ఇప్పుడు అడగొచ్చా?" అన్నాను.

"ఇంకేం అడుగుతవు కాకా. అది చేతులు కడుక్కొమ్మని బొమ్మ."

నాకు తల కొట్టేసినట్టయింది. దాని కష్టమంతా సబ్బునురుగులో పోసేశానే! తప్పు నాది, పిల్లది కాదని డాక్టరమ్మకు చెప్పుకున్నాను.

ఆమె నవ్వాపుకుని, "మీది గాదు, బొమ్మది. మా పేషెంట్లు గూడ ఇదే చేస్తరు. ఇంట్ల చేస్తే మాకు తెల్వనే తెల్వదు" అంది. శ్రావణితో, బొమ్మ మార్చి తీసుకొస్తే కిట్లు తీసుకుంటానంది.

నిన్న కొత్త డబ్బా వచ్చింది. దాని మీద పట్టీని నల్లా కింద పెట్టిన ఒక పెద్దమనిషి బొమ్మ, అతని మీద అడ్డంగా ఎర్ర గీత. బట్టతల, గుబురు మీసం, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. ఎవరో వేరే చెప్పాలా? ఇన్నేళ్లూ ఎట్లా ఉండాలో నన్ను చూసి నేర్చుకోండని షాపులో అందరికీ చెప్పాను. ఇక ఎట్లా ఉండకూడదో కూడా నన్ను చూసే నేర్చుకుంటారు.