వజూకి ముందు రాసిన క్రీము

విజయపురి సౌత్‌లో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే జాన్ సాహెబ్‌కి చేతిపని మీద ఎంత నమ్మకమో, తన మాట మీద అంతకు రెట్టింపు. ఇంట్లో ఆయన అన్నదే వేదం. భార్య రజియా కూడా ఎదురాడదు.

పోయిన వానాకాలం ఆయన్ని మలేరియా మంచాన పడేసింది. ఈ ఏడు కోడలు సబా కడుపుతో ఉంది. ఆ జ్వరం వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పేనని ఆసుపత్రి నర్సమ్మ గట్టిగా చెప్పి, రాత్రి దోమతెర కట్టుకోమంది, పొద్దువాలాక ఒంటికి దోమల క్రీము రాసుకోమంది. జాన్ సాహెబ్ తనకో ట్యూబు, కోడలికో ట్యూబు తెచ్చాడు.

చీకటి పడ్డాక కూడా కొట్టు బయట బల్ల దగ్గరే ఆయన పని. అందుకని రోజూ సాయంత్రమే చేతులకీ కాళ్లకీ దండిగా పట్టించేవాడు. అయినా మళ్లీ చలిజ్వరం తగిలింది. రక్తపరీక్షలో మలేరియా అనే తేలింది. మందులు మింగి లేచీ లేవగానే ఇంతెత్తున ఎగిరాడు.

"అంతా మోసం! దోమలు దీన్ని నాక్కుంటా కుడతన్నయ్. ఏమే రజియా, కోడలి ట్యూబు గూడా పెంటలో పారెయ్."

రజియా పారేసింది. ఆ వారంలోనే సబాకూ ఒళ్లు కాలింది.

పరీక్షకి రక్తమిచ్చి వచ్చిన సాయంత్రం సబా గుమ్మంలో కూర్చుంది. మగ్రిబ్ నమాజు వేళయింది. తొట్టి దగ్గర మామగారు వజూ చేసుకుంటున్నాడు. గ్రీజు ఉంటే చర్మానికి నీళ్లు తగలవని, ముందు సబ్బుతో తోముకుని, ఆపైన ముఖమూ మోచేతులదాకా చేతులూ పాదాలూ కడుక్కోవడం ఆయన అలవాటు.

"మామయ్యా, మీరు క్రీము రాసుకునేది వజూకి ముందే గదా?"

"ముందే. అయితే ఏంది?"

"రాసుకుందంతా సబ్బుతో కడిగేసి, నమాజు నుంచొచ్చి ఉత్త చేతుల్తో చీకట్లో కూచునేవాళ్లు. ఇంక క్రీము ఏం జేసుద్ది?"

జాన్ సాహెబ్ చేతిలోని సబ్బు వంక చూసుకున్నాడు. తన జ్వరం సంగతి సరే, కడుపుతో ఉన్న పిల్ల చేతిలోంచి ట్యూబు లాగేయించింది తనే. ఆ రాత్రంతా భయపడ్డాడు.

మర్నాడు రిపోర్టు వచ్చింది. మలేరియా కాదు, మామూలు జ్వరమే. జాన్ సాహెబ్ రజియాని పంపకుండా తనే మెడికల్ షాపుకి పోయి కొత్త ట్యూబు తెచ్చి, కోడలి చేతిలో పెట్టాడు.

"రాసుకో అమ్మా," అన్నాడు. "ఇంకోసారి నేను వద్దన్నా ఇనమాక."