తడిబట్ట మొక్కు

మా మానవపాడు దిక్కు చలికాలంలో మబ్బును చూసేది మిరపకాయల కోసమే. కళ్లంలో కాయలు ఎర్రగా పరచి ఉంటాయి. సాయంత్రం మంచు దిగకముందే వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పాలి, పొద్దున మంచు విడిచాక తీయాలి. ఒక్క రాత్రి మరిచిపోతే కాయ రంగు పోయి తాలు అవుతుంది. ఈ పనిలో నాకూ మా ఆయనకూ ఎప్పుడూ పోటీయే. "కప్పినవా?" అని ఆయన, "నీకంటే ముందే" అని నేను. కాయకు తడి పనికిరాదని అంత బాగా తెలిసిన మనిషి తన ఒంటి సంగతి మాత్రం ఎందుకలా మరిచాడా అని నాకు ఇప్పటికీ కోపమే.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి మొక్కు అది. కుట్లు మానక, జ్వరం తగ్గక, దవాఖానలో చాలా రోజులు ఉన్నాను. బయట వరండాలో కూర్చుని ఆయన మొక్కుకున్నాడట, నేను లేచి తిరిగితే శివమాల వేసుకొని శ్రీశైలం నడిచి వస్తానని, మన్ననూరు నుంచి కృష్ణ ఒడ్డు దాకా కొండదారంతా తడిబట్టతోనే నడుస్తానని. నేను ఇంటికొచ్చి మళ్లీ రోట్లో పచ్చడి నూరేదాకా ఆ మాట నాతో అనలేదు. చెప్పినప్పుడు నవ్వొచ్చింది.

"మొక్కితే కొబ్బరికాయ మొక్కాలె. గిదేం మొక్కయ్యా?" అన్నాను.

"నీ పానం కొబ్బరికాయంత అగ్గువనా?" అన్నాడు.

తడిబట్ట మొక్కు మా ఊళ్లో కొత్తది కాదు. బోరు కింద స్నానం చేసి, తడి పంచెతోనే గుడి చుట్టూ తిరుగుతారు. మా దగ్గర మాఘంలో కూడా ఎండ ఎండే. చుట్లు పూర్తయ్యేసరికి బట్ట ఒంటి మీదే ఆరిపోతుంది. అందుకే ఈ మొక్కు విన్నవాళ్లలో ఎవరికీ భయం వేయలేదు. కొండ మీద చలికాలం ఎట్లా ఉంటుందో మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

మాల వేసుకున్నాక ఆయన స్వామి, నేను మాత. అది పద్ధతి. మాల మెడలో ఉన్నన్నాళ్లు పెళ్లాన్ని 'ఏమే' అని పిలవకూడదు, చేయి తగలకూడదు, పడక వేరు. "మాతా, భిక్ష పెట్టుండ్రి" అని నా మొగుడే నన్ను మర్యాదగా అడుగుతుంటే మొదట్లో నవ్వాగేది కాదు. "గీ మర్యాద మాల లేనప్పుడు యాడికి పోతది స్వామీ?" అని ఎక్కిరించేదాన్ని. ఆయన తల వంచుకొని తినేవాడు. కొన్నాళ్లకు నాకే బెంగ పట్టుకుంది. ఇంట్లో ఉన్న మనిషే ఊరెళ్లినట్టుండేది.

మా గురుస్వామిది వనపర్తి. అందుకని దగ్గరి దారి వదిలి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా నడక పెట్టారు. వంటసామాన్లతో మేం ఆడవాళ్లం వెనక ట్రాక్టర్ ట్రాలీలో. నడిపేది మా మరిది. బియ్యం బస్తాల మీద కప్పడానికి మా కళ్లంలోని పాత పట్టా తెచ్చుకున్నాం. నాగర్‌కర్నూల్ దాటేవరకు ఎండ ఉంది. తర్వాత మబ్బు మూసుకుంది. సముద్రంలో వాయుగుండం పడిందని ఎవరి ఫోన్‌లోనో వార్తలు వినిపించాయి. మా ఆయన తమ్ముణ్ణి పిలిచి ఒక్కటే అడిగాడు, ఇంటికాడ కాయలు కప్పారో లేదో కనుక్కోమని.

మన్ననూరులో పులుల అడవి గేటు తెల్లవారాకే తీస్తారు. లోపల ఎక్కడా ఆగకూడదు, పొయ్యి పెట్టకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. గేటు తీయకముందే స్వాములు కుళాయి కింద చన్నీళ్ల స్నానాలు ముగించారు. మిగిలినవాళ్లు పొడి పంచెలు కట్టుకొని తువ్వాళ్లు కప్పుకున్నారు. మా ఆయన తడి పంచె పిండకుండానే కట్టి, తడి కండువా భుజాన వేసుకొని, నెత్తిన ఇరుముడి పెట్టుకున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"జర ఎండ వచ్చినంక పోరాదా స్వామీ" అన్నాను.

"ఎండ నా మొక్కుల లేదు మాతా" అన్నాడు.

ఎండ ఎట్లాగూ రాలేదు. లోపలికి పోయేకొద్దీ మంచు చిక్కబడింది. ముందు నడిచేవాళ్ల కాషాయం బట్టలు కనిపించి, మాయమై, మళ్లీ కనిపించేవి. లైట్లు వేసినా రోడ్డు అంచు తెలియక మరిది గొణుక్కుంటూ నడుపుతున్నాడు. అది వాన కాదు. అయినా ట్రాలీలో కూర్చున్న నా చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కాయి, చెట్ల ఆకుల నుంచి చుక్కలు కారుతూనే ఉన్నాయి. చెట్లున్నంతసేపు నయం. దారి లోయ వైపు తిరిగినచోటల్లా గాలి వచ్చి మొహాన కొట్టేది. చలి నేనెరగనిది కాదు, కానీ తడి మీద గాలి కొడితే పుట్టే చలి వేరు. రెండు దుప్పట్లు కప్పుకొని కూడా నేను వణుకుతున్నాను. ఆయన ఒంటి మీది బట్ట ఆరే దారే లేదు.

కొంతసేపటికి ఆయన వణుకు ఆగింది. గురుస్వామి వెనక్కి చూసి సంతోషపడ్డాడు.

"చూసిన్రా, స్వామికి చలి పోయింది. శివుడే కప్పిండు."

అందరూ దండం పెట్టారు. నేనూ పెట్టాను. ఒంట్లో వేడి అయిపోయినప్పుడు కూడా వణుకు ఆగుతుందని తర్వాత అచ్చంపేటలో డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

ఆ తర్వాత నడకలో తేడా వచ్చింది. కల్లు తాగినవాడిలా రోడ్డు మధ్యకు ఒకసారి, అంచుకు ఒకసారి పోతున్నాడు. ఇరుముడి జారితే పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు. పక్క స్వామి అందుకున్నాడు. మా ఆయన రోడ్డు పక్క బండ మీద కూలబడ్డాడు. ట్రాక్టర్ ఆపించి దిగి దగ్గరికి పోయాను. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. నన్ను చూసి, నాలుక మడతపడుతుండగా అడిగాడు.

"ఏమే, మంచు దిగుతుంది. కాయల మీద పట్టా కప్పినవా?"

ఆ పిలుపు కోసం ఎన్ని రోజుల నుంచి ఎదురుచూస్తున్నానో. కానీ అది తెలివిలో ఉండి పిలిచిన పిలుపు కాదు. తానెక్కడున్నాడో ఆయనకు తెలియడం లేదు.

"కప్పుత" అని ట్రాలీలోని పట్టా లాగాను.

గురుస్వామి అడ్డం వచ్చాడు. "ముట్టొద్దు మాతా, దీక్ష చెడుతది. కృష్ణ ఒడ్డు దాకనే గదా మొక్కు. జర ఓపిక పట్టుండ్రి."

"ఓపిక నీ తాన పెట్టుకో స్వామీ. దీక్ష చెడితే మళ్ల పట్టొచ్చు. మనిషి పోతే నువ్వు తెచ్చిస్తవా?" అన్నాను. పెద్దాయన, చెడ్డవాడేమీ కాదు. పక్కకు జరిగాడు.

తడి పంచె లాగేసి నా దుప్పట్లు చుట్టాను. మరిదీ నేనూ కలిసి ట్రాలీలోకి ఎక్కించాం. పక్కన పడుకొని ఇద్దరి మీదా పట్టా కప్పమన్నాను. పట్టా నిండా మిరప ఘాటు. ఆయన ఒళ్లు నీళ్లకుండలా చల్లగా ఉంది. మాల పూసలు గుచ్చుకునేటట్టు గట్టిగా పట్టుకున్నాను. మరిది బండి వెనక్కి తిప్పాడు. మన్ననూరు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు మళ్లీ వణుకు మొదలైంది. ఆ వణుకు చూసి ఏడ్చాను.

అచ్చంపేట దవాఖానలో నిమ్ము చేసిందన్నారు. మనిషి దక్కాడు. కానీ ఊపిరితిత్తులు మునుపటిలా కావు, దూరం నడవకూడదు, చలిలో కొండ మొహం చూడకూడదు అన్నారు. తెలివొచ్చాక ఆయన మొదట మెడ తడుముకున్నాడు. మాల ఉంది.

"ముట్టుకున్నరా మాతా?"

"ముట్టుకున్న."

కళ్లు మూసుకొని గోడ వైపు తిరిగాడు.

మాల శ్రీశైలంలోనే తీయాలి. బస్సులో పోయి తీయించుకుందామంటే, నడిచి వస్తానని మొక్కాను, బస్సులో అని మొక్కలేదన్నాడు. గురుస్వామి ఇంటికొచ్చి తానే తీస్తానన్నా ఒప్పుకోలేదు. ఎందుకో నాతో చెప్పలేదు, తమ్ముడితో చెప్పాడు. మాల తీయనన్నాళ్లు దీక్ష ఇంకా నడుస్తున్నట్టేనట. నడుస్తున్నదాన్ని చెడిందని దేవుడు కూడా అనలేడట. చెడకపోతే మీ వదిన పానానికి ఏం కాదు అన్నాడట. మరిది ఆ మాట చెప్పిన రోజు నేను ఆయన ముందు నిలబడి కొట్లాడాను. "నా పానం నేను చూసుకుంట, మాల తియ్యి" అని అరిచాను. అంతా విని, "భిక్ష పెట్టుండ్రి మాతా" అన్నాడు.

అప్పటి నుంచి చలికాలాలు వచ్చి పోతున్నాయి. నేను గట్టిగానే ఉన్నాను, మిరప తోట నేనే చేస్తున్నాను. ఆయన పడక ఇంకా వేరే గదిలోనే. రాత్రి దగ్గితే గడప ఇవతల నిలబడి వింటాను. పట్టా లాగే శక్తి ఆయనకు లేదు. నిన్న సాయంత్రం కూడా కళ్లం అంచున గొంగడి కప్పుకొని కూర్చుని, ఆయాసపడుతూ అడిగాడు.

"మంచు దిగుతుంది. పట్టా కప్పిన్రా మాతా?"

"కప్పిన స్వామీ" అన్నాను.