రెక్క కింద కందిరీగ గూడు

తొంభైల చివర్లో హోసూరు పక్క మత్తిగిరిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులోకి ఒక పాత యుద్ధవిమానం లారీ మీద ముక్కలుగా వచ్చింది. బర్మా యుద్ధంలో ఎగిరిందట. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎక్కడో ఎండకు ఎండి వానకు తడిసింది. బెంగళూరు సారొకాయన దాన్ని తుక్కులో పోనివ్వకుండా కొని, మళ్ళీ ఇంజను మోగేలా చేయమని మా ఆయనకు అప్పగించాడు. ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్న మనిషికి ప్రాణం లేచివచ్చింది.

పాత రంగు గీకితే కింద ఇంకో రంగు, దాని కింద తూటా రంధ్రాలకు వేసిన అతుకులు. అందులో కూర్చుని నడిపిన పిల్లవాడు ఇల్లు చేరాడో లేదో అనుకునేదాన్ని. రెక్క లోపలికి నా చెయ్యే దూరేది. ఆయన బయట రివెట్టు కొడుతుంటే నేను లోపల ఇనుప దిమ్మ అదిమి పట్టుకునేదాన్ని. పట్టేసిన ఇంజనులో నూనె పోసి, ముందరి ఫ్యాను రోజూ తిప్పి చూసేవాళ్ళం. అది కదిలిన రోజు మా ఆయన ఏడ్చేశాడు.

అప్పటికే నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పగానే అత్త నన్ను షెడ్డు పని మాన్పించింది. కడుపు కాస్త కనబడే నాటికి, రెక్క కింద పెట్రోలు ట్యాంకుకు గాలి అందించే సన్న గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టింది. అత్త చూసి దండం పెట్టింది.

"గూడు కట్టిండాదంటే ఈ బిడ్డ నిలుస్తాది. దాన్ని ఎవురైనా ముట్టినారంటే చూడండి!"

మా ఆయనకు ఇలాంటివి గిట్టవు. "పురుగుకేం తెలుసమ్మా? గాలి ఆడకపోతే ఇంజను ఆగిపోతాది" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మామా, నీకు దండం పెడతా. దాని పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగు."

నేనూ చదువుకున్నదాన్నే. రెండుసార్లు ఒట్టి చేతులతో ఆసుపత్రి మెట్లు దిగినదానికి ఇంకేం మిగులుతుంది? నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఆయన ఆగాడు. సారు ఆగలేదు. చెప్పిన తేదీకి ముందే స్నేహితులను వెంటేసుకుని దిగాడు.

"ఒక్క వారం టైమియ్యండి సార్" అని మా ఆయన బతిమాలాడు.

"ఇంకెన్నాళ్ళప్పా? ఇప్పుడే స్టార్ట్ చెయ్యి."

మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని రెక్క కిందకు వంగాడు. నా వైపు, నా పొట్ట వైపు చూశాడు. గూడు ముట్టకుండానే లేచి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. ఇంజను కాసేపు లాగిస్తుందిలే అనుకున్నాడేమో.

ఇంజను అందుకుంది. అబ్బా, ఆ మోత! షెడ్డు రేకులు దడదడలాడాయి, అందరూ చప్పట్లు కొట్టారు. కడుపులో బిడ్డ కూడా కదిలింది. అంతలోనే ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ పలకలేదు. సారు తెచ్చుకున్న మెకానిక్కు రెక్క కింద దూరి ఆ గొట్టాన్ని పొడిచాడు. మట్టి రాలింది. తెల్లటి పురుగులు నేల మీద పడ్డాయి.

"ఇది కూడా చూసుకోని మనిషికా ఇచ్చినారు సార్?" అన్నాడు.

మా ఆయన సీట్లోంచి దిగి ఆ మాట పడ్డాడు. మర్నాడే లారీ వచ్చి విమానాన్ని తీసుకుపోయింది.

ఆ వారంలోనే, నెలలు నిండకుండానే నాకు నొప్పులు వచ్చాయి. హోసూరులో చేతులెత్తేసి కృష్ణగిరి పంపించారు. ఆడపిల్ల. దక్కలేదు.

తెలివి వచ్చేసరికి మా ఆయన మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పురుగుకేం తెలుసు అన్న మనిషి.

"అమ్మీ, నేను పగలగొట్టలేదు. నువ్వు చూసినావు కదా, నేను పగలగొట్టలేదు."